కంటి కొలికి మీద ఒక వేలు

మామిడి తోటలో కన్ను చాలా వాటికి అందుబాటులో ఉంటుంది. తలెత్తి చిక్కంతో కాయ కోసేవారి కంట్లో ఎండుపుల్ల పడుతుంది, ఆకు అంచు గీసుకుపోతుంది, తొడిమ విరిగిన చోటు నుంచి సొన చిమ్ముతుంది. పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టేటప్పుడు గాలి తిరిగితే తుంపర ముఖాన పడుతుంది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లో బంగినపల్లి, రసాల తోటల మీద బతికే కుటుంబాలకు ఇవేవీ కొత్త కాదు. చాలామందికి రెండు రోజులు కన్ను ఎర్రబడి తగ్గిపోతుంది. కొందరికి తగ్గదు. నల్లగుడ్డు మీద తెల్లటి పుండు లేస్తుంది, చీము చేరుతుంది, చూపు పోతుంది. ఒకే రకం పుల్ల ఒకరిని వదిలిపెట్టి ఇంకొకరి కంటిని ఎందుకు తీసుకుపోతుందన్న ప్రశ్నకు జవాబులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. పుల్లతో పాటు ఏ సూక్ష్మజీవి లోపలికి వెళ్ళింది, డాక్టరు దగ్గరికి ఎంత తొందరగా వెళ్ళారు, ఈలోగా కంట్లో ఏం పోశారు అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. వాటి పక్కన అంతగా ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది: దెబ్బ తగలకముందే ఆ కన్ను నీరు కారుతూ ఉందా? ఊళ్ళలో జరిగే ప్రతి కంటి పరీక్షలోనూ ఈ ప్రశ్న అడగాలని, అడిగి కంటి కొలికి మీద ఒక వేలు పెట్టి నొక్కి చూడాలని ఈ వ్యాసం వాదన. కారణాలు కొంచెం వివరంగా చెప్పాలి.

కన్నీరు ఏడుపు వచ్చినప్పుడు మాత్రమే పుట్టేది కాదు. పై రెప్ప వెనక, బయటి కొలికి వైపున్న గ్రంథి, రెప్పల లోపలి పొరలో ఉన్న చిన్న గ్రంథులు రాత్రీ పగలూ కొద్దికొద్దిగా తడిని ఇస్తూనే ఉంటాయి. కనురెప్ప ఆడిన ప్రతిసారీ ఆ తడి కంటి మీద పల్చగా పరుచుకుని, పని ముగిసిన నీరు ముక్కు వైపున్న కొలికికి చేరుతుంది. అక్కడ పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి సూదిమొనంత రంధ్రాలున్నాయి. అద్దంలో కింది రెప్పను కాస్త బయటికి లాగి చూసుకుంటే కనిపిస్తాయి. ఆ రంధ్రాల నుంచి సన్నటి గొట్టాలు బయలుదేరి ముక్కు దూలం పక్కన ఎముక గుంటలో ఒదిగిన కన్నీటి సంచిలోకి తెరుచుకుంటాయి. సంచి కింద దాదాపు సెంటీమీటరున్నర పొడవున్న నాళం ఎముక మధ్యగా దిగి ముక్కు లోపల ముగుస్తుంది. కంట్లో వేసిన చుక్కల మందు చేదు గొంతులో తగిలేది ఈ దారిన వచ్చే. రెప్ప మూసినప్పుడల్లా దాని కండరం ఆ గొట్టాలనూ సంచినీ నొక్కి వదులుతుంది కాబట్టి నీరు ముందుకు కదులుతుంది. కింది రెప్ప వయసుతో సడలి వేలాడితే నాళం బాగానే ఉన్నా నీరు చెంప మీదికి కారడం అందుకే. ఇలా రెప్ప, కనుగూటి ఎముక, కన్నీటి నాళం మూడూ ఒకే పనిలో భాగస్థులు. నేత్రవైద్యంలో ఈ మూడింటినీ ఒకే విభాగం చూడటానికి కారణం ఇదే.

ఈ నాళం పుట్టుకతో మూసుకుని ఉండవచ్చు, దెబ్బ తగిలి మూసుకోవచ్చు. కొన్ని క్యాన్సర్ మందుల వల్ల, థైరాయిడ్‌కి ఇచ్చే రేడియో అయొడిన్ వల్ల కూడా మూసుకుంటుంది. కానీ పెద్దవాళ్ళలో ఎక్కువ భాగం ఏ స్పష్టమైన కారణమూ లేకుండా, నాళం లోపలి పొర వాచి, మందమై, క్రమంగా పీచుగట్టి పూడిపోయే రకం. ఇది మగవారి కంటే ఆడవారిలో బాగా ఎక్కువ, అందులోనూ నలభై దాటిన వారిలో. ఆడవారిలో ఎముక దారి కాస్త ఇరుకుగా ఉండటం ఒక కారణమని చాలాకాలంగా చెబుతున్నారు. నెలసరి ఆగే వయసులో హార్మోన్లు మారడం మరో కారణమని అనుమానం. అనుమానాన్ని అలాగే వదిలేయకుండా నాళం గోడల్లో హార్మోన్ గ్రాహకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, సంచిలో ఏ సూక్ష్మజీవులు కాపురముంటున్నాయో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ పొర ఎలా మారుతోందో వెతుకుతున్న పరిశోధనల్లో చెప్పుకోదగ్గ భాగం హైదరాబాదులోనే జరుగుతోంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కన్నీటి మార్గాల కోసమే గోవింద్‌రామ్ సెక్సారియా పేరిట ఒక ప్రత్యేక కేంద్రం ఉంది. అక్కడ పనిచేసే డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీకి 2019లో వైద్యశాస్త్రంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. దేశంలో శాస్త్రవేత్తలు ఎంతో గౌరవంగా చూసే ఆ పురస్కారం కంటి కొలికిలోని వేలెడంత దారి మీద చేసిన పనికి దక్కింది. ఆ సంస్థకు పేరిచ్చిన సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ పుట్టిన సోమవరప్పాడు ఏలూరు దగ్గరి ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక నూజివీడూ ఆ ఊరూ ఒకే జిల్లాలోకి వచ్చాయి.

నాళం పూడితే నీరు కారడం ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. కష్టం కన్నీటి సంచితో వస్తుంది. తూము మూసుకున్న చెరువులో నీరు నిలిచి మురిగినట్టు, సంచిలో కదలని తడి సూక్ష్మజీవులకు నివాసమవుతుంది. స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ జాతులు, వాటిలో న్యూమోనియా తెచ్చే న్యూమోకాకస్ కూడా అక్కడ పెరుగుతాయి. పొద్దున లేచేసరికి కొలికిలో పుసులు, వేలితో ఒత్తితే జిగట చీము, ఒక్కోసారి ముక్కు పక్కన ఎర్రటి బాధాకరమైన వాపు కనిపిస్తాయి. ఆ వాపు చీముగడ్డై చర్మం చీల్చుకుని బయటికి రావచ్చు, అరుదుగా కనుగూటిలోకీ పాకుతుంది. ఏ నొప్పీ లేని రోజుల్లో కూడా ఆ సంచి నుంచి సూక్ష్మజీవులు వెనక్కి, కంటి మీదికి వస్తూనే ఉంటాయి. అయినా ఏళ్ళ తరబడి కన్ను చెడకుండా ఉండటానికి నల్లగుడ్డు మీదున్న పైపొరే కాపలా. గనేరియా తెచ్చే సూక్ష్మజీవి వంటి కొన్ని తప్ప మిగతావి చెక్కుచెదరని ఆ పొరను దాటలేవు. న్యూమోకాకస్ కూడా దాటలేదు. దానికి ఒక గీత కావాలి. ఆ గీతను మామిడి ఆకు ఇస్తుంది, వరిగడ్డి ఇస్తుంది, ఎండుపుల్ల ఇస్తుంది. గీత పడిన క్షణానికే సూక్ష్మజీవులు కంటి మీద సిద్ధంగా ఉంటే పుండు పడటానికి ఇంకేమీ అక్కరలేదు. చీము పట్టిన కన్నీటి సంచి, దాని వెంట నల్లగుడ్డు మీద వేగంగా పాకే పుండు, ఈ జంటను నేత్రవైద్యులు వందేళ్ళకు పైగా గుర్తిస్తున్నారు. అటువంటి పుండుకి ఎంత మంచి మందు వేసినా సంచి సంగతి తేల్చకపోతే మానదని పాఠ్యపుస్తకాలు చెప్పడం కూడా అంత పాత మాటే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. పల్లెల్లో కంటి పుండ్లకు ఎక్కువగా కారణం బూజు జాతి సూక్ష్మజీవులు కదా, అవి ఆకుతోనూ మట్టితోనూ నేరుగా వస్తాయి కదా, కన్నీటి సంచికి ఆ పాపం ఎందుకు అంటగట్టాలి? నిజమే. ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1991 నుంచి 2000 వరకు పదేళ్ళలో పరీక్షలో నిర్ధారణ అయిన 1,352 బూజు పుండ్లను సమీక్షిస్తే సగానికి పైగా కేసుల్లో ముందు కంటికి దెబ్బ తగిలిన చరిత్ర ఉంది. ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్ అన్న బూజులు అందులో ముందు వరసలో ఉన్నాయి. ఈ పుండ్లకు కన్నీటి సంచి కారణమని నేను అనడం లేదు. అనేది ఇంతే: దెబ్బ తగలడాన్ని మనం పూర్తిగా ఆపలేం, దెబ్బతో వచ్చే బూజునీ ముందే తెలుసుకోలేం. కానీ దెబ్బకు ముందే కంటి పక్కన కూర్చున్న చీముసంచిని ముందే తెలుసుకోగలం, తొలగించగలం. ప్రమాదాల్లో దేన్ని చేత్తో పట్టుకోగలమో దాన్ని వదిలేసి, పట్టుకోలేని దాన్ని చూపించి ఊరుకోవడం సరికాదు. గీత పడ్డాక ఏం చేయాలో కూడా మన పక్క దేశం చూపించింది. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ కార్యకర్తలు 34,902 మందిని రెండేళ్ళు గమనించి, నల్లగుడ్డు గీసుకున్నవారికి వెంటనే క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ వేశారు. 2001లో అచ్చైన ఆ ఫలితాల్లో, అలా వైద్యం పొందిన 442 మందిలో 424 మందికి ఇన్‌ఫెక్షన్ లేకుండా మానింది. దెబ్బ తగిలిన పద్దెనిమిది గంటల లోపు మందు మొదలైన 284 మందిలో ఒక్కరికీ పుండు పడలేదు. సాధారణ శిక్షణ ఉన్న మనిషి, చవకైన మందు, తొందర అనే మూడింటితో కంటిని కాపాడవచ్చని దాని సారాంశం. వేలితో నొక్కి చూసే పరీక్ష కూడా సరిగ్గా ఆ కోవలోనిదే.

ఆ పరీక్ష ఏమిటో చెప్పాలి. కింది రెప్ప లోపలి చివర, ముక్కు ఎముకను ఆనుకుని ఉన్న చోట చూపుడు వేలు పెట్టి వెనక్కి, కాస్త లోపలికి నొక్కుతారు. సంచిలో నిలిచినది ఉంటే ఆ చిన్న రంధ్రాల నుంచి చీమో జిగటో కంట్లోకి ఉబికి వస్తుంది. అంతకంటే చవకైన పరీక్ష వైద్యంలో ఎక్కువ లేదు. ఒక టార్చి, కడిగిన చేయి, అర నిమిషం చాలు. ఏమీ రాకపోయినా నీరు కారుతుంటే కంటి ఆసుపత్రిలో మొండి సూదితో రంధ్రంలోకి సెలైన్ పంపి చూస్తారు. నీరు గొంతులోకి దిగితే దారి తెరిచి ఉన్నట్టు, ఎదురు రంధ్రం నుంచి తిరిగొస్తే మూసుకున్నట్టు. కళ్ళు కారే వారందరికీ నాళమే పూడిందని ఎవరూ అనుకోకూడదు. ఎలర్జీ, రెప్ప అంచుల వాపు, లోపలికి తిరిగిన వెంట్రుకలు, సడలిన రెప్ప కూడా కంట నీరు తెప్పిస్తాయి. విచిత్రంగా తోచవచ్చు గానీ కన్ను పొడిబారినా నీరు కారుతుంది, మంటకు ప్రతిగా గ్రంథి ఒక్కసారిగా నీటిని విడుదల చేస్తుంది. వీటిలో ఏ ఒక్కదానికీ కన్నీటి నాళం ఆపరేషన్ మందు కాదు. వేలి పరీక్షకు విలువ ఇక్కడే: ఎవరిని ముందు పంపాలో, ఎవరికి చుక్కలు చాలునో విడదీస్తుంది. కారే నీటిలో రక్తం కలిసినా, వాపు కొలికి గీతకి పైవైపు గట్టిగా పెరుగుతున్నా ఆ వేలే హెచ్చరిక చెబుతుంది. అది గడ్డ కావచ్చు, చెరువుల్లో స్నానం చేసేవారికి వచ్చే రైనోస్పోరిడియం కావచ్చు. అటువంటి వారిని స్కానింగ్ లేకుండా ఎవరూ ముట్టకూడదు.

"చుక్కల మందు వేస్తే తగ్గుతోంది కదా" అన్నది రెండో అభ్యంతరం, అన్నిటికంటే ఎక్కువగా వినబడేది. తగ్గుతుంది, వారమో రెండు వారాలో. చుక్కలు కంటి మీది సూక్ష్మజీవుల సంఖ్యను తగ్గిస్తాయి, పూడిన నాళాన్ని తెరవవు. నిలిచిన తడి ఉన్నంతకాలం వాటి జాతి మళ్ళీ పెరుగుతుంది. మధ్యలో వాడి మానేసిన యాంటీబయాటిక్ లొంగని రకాలను మిగిల్చిపోతుంది. స్టెరాయిడ్ కలిసిన చుక్కలను మందుల షాపులో అడిగి తెచ్చుకుంటే ఇంకా ప్రమాదం. ఎరుపు చప్పున తగ్గుతుంది కాబట్టి నమ్మకం కుదురుతుంది, కానీ ఆ మందు వేసుకుంటున్న రోజుల్లో కన్ను గీసుకుంటే పుండును ఆపే శక్తిని అదే తగ్గించేస్తుంది. ఇక నందివర్ధనం పూల రసం, చనుబాలు, ఆముదం, ఆకుపసరు. వీటి వెనక ఉన్న ఆదరణను చిన్నబుచ్చాలని లేదు. డాక్టరు దొరకని తరాలు తమకు తెలిసింది చేశాయి. కానీ గీసుకున్న నల్లగుడ్డు మీద ఏ పసరు పోసినా కొత్త సూక్ష్మజీవులను ఆహ్వానించడమే, ఈ మాట మాత్రం సందేహం లేకుండా చెప్పాలి.

పూడిన నాళానికి అసలు వైద్యం దారి మార్చడం. సంచికీ ముక్కుకీ మధ్య ఉన్న పల్చటి ఎముకలో ఒక కిటికీ తెరిచి, సంచి గోడను ముక్కు లోపలి పొరతో కలిపితే కన్నీరు పూడిన నాళంతో పని లేకుండా నేరుగా ముక్కులోకి దిగుతుంది. చర్మం మీద కోత పెట్టి చేసే ఈ పద్ధతిని ఇటలీ వైద్యుడు అడ్డియో తోతి 1904లో వివరించాడు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా సూత్రం అదే, చేతులూ పరికరాలూ మారాయి. 1980ల చివరి నుంచి ముక్కులోకి సన్నటి ఎండోస్కోపు పంపి, ముఖం మీద ఏ కోతా లేకుండా లోపలి నుంచే ఆ కిటికీ తెరవడం మొదలైంది. పెళ్ళికావలసిన పిల్ల ముఖాన మచ్చ పడుతుందని వెనుకాడే కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. అనుభవమున్న చేతుల్లో రెండు పద్ధతులూ పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పనిచేస్తాయి. విఫలమయ్యేవి ఎక్కువగా ఆ కిటికీ మానిపోయి మళ్ళీ మూసుకోవడం వల్ల. ఇక్కడ కూడా హైదరాబాదు పరిశోధన పనికొచ్చింది. గాయం పీచుగట్టకుండా మైటోమైసిన్ అనే మందు రాయడం పాత ఆలోచనే, కానీ ఎంత గాఢత, ఎంతసేపు అన్నది డాక్టరుకో లెక్కగా ఉండేది. ముక్కు పొర కణాలను ప్రయోగశాలలో పెంచి చూసి, మిల్లీలీటరుకు 0.2 మిల్లీగ్రాముల గాఢతలో మూడు నిమిషాలు ఉంచితే కణాలు పెద్దగా చావకుండానే మచ్చకట్టే గుణం అణుగుతుందని తేల్చారు. చిన్న విషయంలా కనిపిస్తుంది. అవసరానికి మించిన మందు పడకుండా, పడినది పనిచేసేలా చూసే ఇలాంటి కొలతలే ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషికి అక్కరకొస్తాయి. మరీ వృద్ధులకు, మత్తు తట్టుకోలేని వారికి సంచిని తీసేయడం ఇంకో మార్గం. నీరు కారడం ఆగదు గానీ చీము బెడద పోతుంది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటి ఉంది. కంటి శుక్లాలతో చూపు పోయినవారు ఇంకా మిగిలే ఉండగా, కళ్ళద్దాలు లేక పిల్లలు బోర్డు చదవలేకపోతుండగా, నీరు కారే కళ్ళ మీద సమయం పెట్టడం పేద రాష్ట్రానికి తగునా? 1996 నుంచి 2000 వరకు జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల సర్వే పదివేల మందికి పైగా పరీక్షించి, అంధత్వానికి ముఖ్య కారణాలు శుక్లాలూ, అద్దాలతో సరిపోయే లోపాలేనని చూపింది. పశ్చిమ గోదావరి పల్లెలు కూడా అందులో ఉన్నాయి. ఆ వరస సరైనదే, దాన్ని తలకిందులు చేయమని ఎవరూ అడగడం లేదు. కానీ శుక్లం ఆపరేషన్ భద్రత ఈ సంచి మీదే కొంత ఆధారపడి ఉందన్నది మరచిపోరాదు. చీము ఉన్న సంచి పక్కనే కంటిని కోసి లెన్సు పెడితే సూక్ష్మజీవులు కంటి లోపలికి చేరి మొత్తం కన్నే పోయే ప్రమాదం ఉంది. మన దేశంలో శుక్లం ఆపరేషన్‌కి ముందు కన్నీటి దారిని పరీక్షించడం ఇందుకే ఆనవాయితీ. ఆపరేషన్ రోజున చీము బయటపడితే మనిషిని వెనక్కి పంపుతారు. కూలి పోగొట్టుకుని, తోడు మనిషిని వెంటబెట్టుకుని వచ్చిన అవ్వ ఉత్త చేతులతో తిరిగి వెళ్తుంది, ఇంకోసారి వస్తుందన్న నమ్మకం లేదు. ఊళ్ళోనే వేలి పరీక్ష జరిగి ఉంటే ఆమె మొదటి ప్రయాణమే సరైన విభాగానికి జరిగేది. కాబట్టి ఈ రెండూ పోటీ పడే పనులు కావు.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు పెద్ద ఎత్తున కళ్ళు పరీక్షించవచ్చని రుజువు చేశాయి. చూపు ఎంత, అద్దాలు కావాలా, ఆపరేషన్‌కి పంపాలా అన్నవే వాటిలో ముఖ్యమైన ప్రశ్నలు. చూపు బాగున్న కన్ను వాటి లెక్కలో ఆరోగ్యమైన కన్ను. కన్నీటి సంచిలో చీమున్న మనిషికి చాలాసార్లు చూపు పూర్తిగా ఉంటుంది, అందువల్లే జల్లెడలోంచి జారిపోతుంది. మళ్ళీ అటువంటి శిబిరాలు పెట్టినప్పుడు కాగితంలో ఒక గడి పెంచితే చాలు: నీరు కారుతుందా, నొక్కితే ఏమొచ్చింది. ఆశా కార్యకర్తకూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని నేత్ర సహాయకులకూ నేర్పడానికి ఒక పూట సరిపోతుంది. పంపించడానికి చోటు కూడా అందుబాటులోనే ఉంది. నూజివీడులో ఏరియా ఆసుపత్రి ఉంది. విజయవాడ శివారు తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ శాఖ 2011 నుంచి నడుస్తోంది, బస్సులో ఒక పూట ప్రయాణం కూడా కాదు.

పసిపిల్లల విషయం వేరు, పెద్దవాళ్ళకు చెప్పిన తొందర అక్కడ వర్తించదు. పుట్టినప్పుడు నాళం చివర ఒక పల్చటి పొర తెరుచుకోకుండా ఉండిపోవడం మామూలే. స్కాట్లండ్‌లో 4,792 మంది శిశువులను గమనిస్తే దాదాపు ఐదింట ఒకరికి కళ్ళు కారాయి, వారిలో 96 శాతం మందికి ఏడాది నిండేలోగా దానంతటదే తగ్గింది. అమ్మ చేయాల్సింది గోళ్ళు కత్తిరించుకుని, చేతులు కడుక్కుని, కొలికి నుంచి ముక్కు వెంట కిందికి రోజుకు కొన్నిసార్లు గట్టిగా రాయడం. 1923లో క్రిగ్లర్ అనే వైద్యుడు చెప్పిన ఈ మర్దన ఇప్పటికీ మొదటి వైద్యం. కాటుక పెట్టడం మానాలి. ఏడాది దాటినా ఆగకపోతే సన్నటి కడ్డీతో ఆ పొరను తెరుస్తారు, ఆలస్యం చేసిన కొద్దీ అది సఫలమయ్యే అవకాశం తగ్గుతుంది. బిడ్డ కన్ను కారడంతో పాటు వెలుతురు చూడలేకపోతున్నా, నల్లగుడ్డు పెద్దదిగా, మసకగా ఉన్నా అది కన్నీటి నాళం కథ కాదు, కంటి ఒత్తిడి పెరిగే జబ్బు కావచ్చు. ఆ బిడ్డను అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మామిడి ప్రాంతానికి ఇందులో ఒక అనుకూలత ఉంది: పని ఎప్పుడు పెరుగుతుందో ముందే తెలుసు. కోతలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఆపరేషన్ అయినవారు రెండు వారాలపాటు గట్టిగా ముక్కు చీదకూడదు, బరువులు ఎత్తకూడదు. లోపల సిలికాన్ గొట్టం పెట్టి ఉంటే దాన్ని సాధారణంగా కొన్ని వారాలకు తీసేస్తారు. వానలు వెనకబట్టిన కార్తీకంలో ఊళ్ళలో వేలి పరీక్ష జరిగి, దారి మూసుకున్నవారికి సంక్రాంతి లోపు ఆపరేషన్ జరిగితే, కోత మొదలయ్యే నాటికి కిటికీ మాని, కొలికి పొడిగా ఉండి, మనిషి చిక్కం పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటారు.